సైనిక శిరస్త్రాణాల సేకరణ: చదువు, వెల

యుద్ధంలోనో కవాతులోనో సైనికులు తలకు పెట్టుకున్న హెల్మెట్లు, టోపీలు, పాగాలు వెతికి తెచ్చి భద్రపరచడమే సైనిక శిరస్త్రాణాల సేకరణ. రోమన్ ఆశ్వికుల కంచు ముఖాలు, జపాన్ సమురాయ్‌ల కబుతోలు, గొలుసు వల వేలాడే దక్కన్ ఉక్కు టోపీలు, ప్రష్యా వారి శూలపు టోపీలు, రెండు ప్రపంచ యుద్ధాల ఉక్కు డిప్పలు అన్నీ దీని కిందికే వస్తాయి. కొందరు వీటిని చదవడానికి కొంటారు. కొందరు రేపు ధర పెరుగుతుందని కొంటారు. చాలామందిలో రెండు కోరికలూ కలిసే ఉంటాయి, అందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. చిక్కల్లా ఒకటే. వెల పెంచడానికి వస్తువుకు చేసే పనులే చాలాసార్లు దానిమీద చదవాల్సిన రాతను చెరిపేస్తాయి.

డిప్ప లోపల

పైనుంచి చూస్తే ఉక్కు హెల్మెట్ బోర్లించిన గిన్నె. దాన్ని వెల్లకిలా తిప్పాకే చదువు మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ హెల్మెట్‌నే చూద్దాం. లోపల ఒక పక్క అంచు మీద 'ఈటీ 64' అని గుద్దిన ముద్ర ఉందనుకోండి. ఈటీ అంటే థాలే పట్టణంలోని ఇనుప కార్ఖానా. 64 అన్నది డిప్ప కొలత. అందులో 56, 57 సెంటీమీటర్ల తలకు సరిపోయే తోలు అస్తరు పడుతుంది. వెనక అంచు లోపల ఇంకో అంకె ఉంటుంది, అది లాట్ నంబరు. అస్తరును పట్టుకున్న లోహపు పట్టీ మీద దాన్ని చేసినవారి పేరు, ఏడాది కనిపిస్తాయి. తోలుకు ఎనిమిది నాలుకలు, వాటి కొసలను కలిపి బిగించే తాడు ఉంటాయి. నుదురు తగిలే చోట చెమటకు నల్లబడిన జిడ్డు ఉంటుంది. ఒక్కోసారి వెనక అంచు మీద తెల్ల రంగుతో చేత్తో రాసుకున్న ఇంటిపేరు కూడా ఉంటుంది. ముద్రలు కార్ఖానా సంగతి చెబుతాయి. జిడ్డు, ఇంటిపేరు మాత్రం ఆ హెల్మెట్ కింద ఒక మనిషి ఉన్నాడని చెబుతాయి.

ఒక్క హెల్మెట్ ఇంత చెబితే, పక్కపక్కన పెట్టిన మూడు ఇంకా ఎక్కువ చెబుతాయి. జర్మనీ 1935 నమూనాలో గాలి రంధ్రానికి విడిగా చేసిన చిన్న బుష్ బిగించేవారు, అంచును లోపలికి మడిచేవారు. 1940 నమూనాకు వచ్చేసరికి ఆ రంధ్రాన్ని డిప్పలోనే అచ్చుగుద్దారు. 1942 నమూనాలో అంచు మడవడమే మానేశారు. కోసిన రేకు కోసినట్టే బయటికి విచ్చుకుని ఉంటుంది. పక్కన అంటించే బొమ్మల సంగతీ అంతే. మొదట కుడి ఎడమల రెండు ఉండేవి. 1940లో జాతీయ రంగుల డాలు బొమ్మ పోయింది, 1943లో డేగ బొమ్మా పోయింది. నిండా యుద్ధంలో మునిగిన దేశం ఒక్కో హెల్మెట్‌కు పట్టే పనిని ఎలా కోసుకుంటూ వచ్చిందో ఈ మూడింటిని చేత్తో తడిమితేనే తెలుస్తుంది. బజారులో రెండు బొమ్మల 1935 డిప్పకు గిరాకీ ఎక్కువ. బొమ్మలేని 1942 డిప్పను అడిగేవాళ్లు తక్కువ. చదివేవాడికి ఆ మూడోదే ముఖ్యం, యుద్ధం చివరి అధ్యాయం దాని అంచు మీదే ఉంది కాబట్టి.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇదే కథ తోలు మీద నడిచింది. పికెల్‌హాబ్ అనే శూలపు టోపీని ప్రష్యా 1842లో తెచ్చింది. ఉడికించి గట్టిపరచిన తోలు, ఇత్తడి బిళ్ల, నెత్తిన శూలం, ఫిరంగి దళాలకైతే శూలం బదులు గుండు. బిళ్ల మీది బొమ్మను బట్టి ఏ రాజ్యపు దళమో తెలుస్తుంది: డేగ ప్రష్యాది, సింహాలు బవేరియావి. యుద్ధంలో తోలు కరువై ఉన్నితోనూ రేకుతోనూ చేశారు. 1915 నుంచి ఇత్తడి స్థానంలో బూడిదరంగు ఉక్కు వచ్చింది, శూలం ఊడదీసుకునే వీలు పెట్టారు. యుద్ధం ముగిశాక అమెరికా సేన కోబ్లెంజ్ గోదాముల్లో దొరికిన ఈ టోపీలను భారీగా సొంత దేశానికి తరలించింది. 1919లో విక్టరీ బాండ్ల ప్రచారం కోసం న్యూయార్క్‌లో వాటిని గోపురంలా పేర్చి నిలబెట్టారు. గోదాము నుంచి నేరుగా వచ్చిన టోపీ తళతళలాడుతుంది, కానీ ఏ సైనికుడి తలనూ ఎరగదు. ఆ తళతళకే డబ్బు ఎక్కువిచ్చే కొనుగోలుదారు ఉంటాడు, ఆ సంగతి తెలుసుకుని కొంటే మంచిది.

చౌక వస్తువులకు ఇంకో మేలు ఉంది. అమెరికా 1941లో ప్రవేశపెట్టిన ఎమ్-1 హెల్మెట్లు రెండో ప్రపంచ యుద్ధంలోనే 2 కోట్లకు పైగా తయారయ్యాయి. గడ్డం పట్టీ కొక్కేలు మొదట కదలని రకం, 1943 నుంచి ఊగే రకం. అంచు చుట్టిన పట్టీ అతుకు మొదట ముందు వైపు ఉండేది, 1944 చివర్లో వెనక్కి మారింది. ముందంచు లోపల గుద్దిన ఉక్కు లాట్ నంబర్లను ఔత్సాహికులు ఓపిగ్గా రాసుకుని, పోల్చుకుని తయారీ వరసను చాలావరకు తేల్చారు. లక్షల వెల పలికే వస్తువుతో ఇలాంటి పని సాగదు. పోల్చడానికి వందల కొద్దీ కావాలి.

బ్యాష్‌ఫర్డ్ డీన్

చదువు కోసం సేకరించడం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి ఈ మనిషికి మించిన ఉదాహరణ నాకు కనిపించదు. బ్యాష్‌ఫర్డ్ డీన్ (1867–1928) వృత్తిరీత్యా చేపల శాస్త్రవేత్త, కొలంబియా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యుడు. చేపల పని మీద జపాన్ వెళ్లినప్పుడు అక్కడి కవచాలను కూడా సేకరించాడు. 1876లో జపాన్ ప్రభుత్వం కత్తి ధరించడాన్ని నిషేధించాక పాత సమురాయ్ కుటుంబాల కవచాలు, కబుతోలు ఎన్నో అమ్మకానికి వచ్చిన కాలం అది. చేపలను జాతులవారీగా వర్గీకరించే అలవాటునే ఆయన హెల్మెట్ల మీద ప్రయోగించాడు: ఏ ఆకారం దేని నుంచి పుట్టింది, ఏది ఎక్కడ ఆగిపోయింది అని. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఆయుధాలు, కవచాల విభాగానికి తొలి క్యురేటర్ ఆయనే.

అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగినప్పుడు సైన్యానికి ఈయన అవసరం పడింది. మేజర్ హోదా ఇచ్చి కొత్త హెల్మెట్లు రూపొందించమన్నారు. 15వ శతాబ్దపు యూరప్ కవచకారులు మెడనూ కణతలనూ ఎలా కాపాడారో డీన్‌కు వేళ్ల కొసల్లో ఉంది. మ్యూజియం కార్ఖానాలోని కవచ నిపుణుడు డేనియెల్ టాషో సుత్తితో కొట్టి తొలి నమూనాలు చేశాడు. వాటిలో కొన్ని కొద్ది సంఖ్యలో తయారయ్యాయి. ముఖానికి కూడా ముసుగు దిగే 8వ నంబరు నమూనాను ఫోర్డ్ కంపెనీ చేసింది. సైన్యం మాత్రం చివరిదాకా బ్రిటిష్ వారి బ్రోడీ హెల్మెట్ ఆకారాన్నే వాడింది. ఆ అనుభవమంతా డీన్ 1920లో ఆధునిక యుద్ధంలో హెల్మెట్లు, కవచాలు అనే అంశంపై పుస్తకంగా తెచ్చాడు. ఇప్పటికీ ఈ రంగంలో అడుగుపెట్టేవారు చదివే పుస్తకమది. సేకరించినవి అద్దాల పెట్టెలో ఊరికే ఉంటే ఆ పుస్తకం వచ్చేది కాదు.

దీనికి నూరేళ్ల తర్వాతి కొసరు ఒకటి ఉంది. 2020లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మొదటి ప్రపంచ యుద్ధపు హెల్మెట్లనూ ఇప్పటి పోరాట హెల్మెట్‌నూ పేలుడు తరంగానికి గురిచేసి చూశారు. తల పైనుంచి వచ్చే తరంగాన్ని తట్టుకోవడంలో ఫ్రెంచ్ ఏడ్రియన్ హెల్మెట్ నడినెత్తి దగ్గర అన్నిటికన్నా మెరుగ్గా నిలిచింది. 1915లో ఆగస్ట్-లూయీ ఏడ్రియన్ పేరిట వచ్చిన ఆ హెల్మెట్ ఉక్కు మందం ఒక మిల్లీమీటరు కూడా లేదు. దాని నడినెత్తిన నిలువుగా ఒక కలికి ఉంటుంది. చాలామంది దాన్ని అలంకారం అనుకున్నారు, తరంగాన్ని పక్కకు మళ్లించింది అదే కావచ్చునని పరిశోధకుల ఊహ. 'ఇది ఇక చదివేశాం' అని ఏ హెల్మెట్ గురించీ అనకూడదని నాకు ఆ ఫలితం చూసినప్పుడు గట్టిగా అనిపించింది.

ఒకే దేశంలో రెండు రోమన్ హెల్మెట్లు

2010 మేలో ఇంగ్లండ్‌లోని కంబ్రియా ప్రాంతంలో, క్రాస్బీ గారెట్ అనే పల్లె దగ్గర, మెటల్ డిటెక్టర్‌తో తిరుగుతున్న ఒకతనికి మడిచి పాతిన లోహపు రేకులు దొరికాయి. అవి రోమన్ ఆశ్వికులు విన్యాసాల్లో ముఖానికి తొడుక్కునే కంచు హెల్మెట్ ముక్కలు: 33 పెద్దవి, 34 చిన్నవి. ఉంగరాల జుట్టు, నిశ్చలమైన యువకుడి ముఖం, ముందుకు వంగిన కుచ్చు టోపీ, దాని మీద రెక్కల జంతువు. అంత అందమైనది బ్రిటన్‌లో అరుదు. అప్పటి బ్రిటిష్ నిధుల చట్టం బంగారం, వెండి ఉన్నవాటికి, గుంపుగా దొరికిన మరికొన్నింటికే వర్తించేది. ఒంటరిగా దొరికిన కంచు వస్తువు దాని పరిధిలోకి రాలేదు. దాంతో హెల్మెట్ నేరుగా క్రిస్టీస్ వేలం సంస్థకు చేరింది. వేలం కోసం ముక్కలన్నీ అతికి, పగుళ్లు పూడ్చి, నిండు ముఖంగా నిలబెట్టారు. మడతలు ఎందుకు పెట్టారు, మట్టిలో ఏముంది, ముక్కలు ఏ వరసలో ఉన్నాయి అన్న ప్రశ్నలకు జవాబు చూపే స్థితి, శాస్త్రవేత్తలు తీరిగ్గా నమోదు చేసే వీలు లేకుండానే మారిపోయింది.

2010 అక్టోబరు 7న వేలం జరిగింది. అంచనా 3 లక్షల పౌండ్లు, పలికింది కమిషన్‌తో కలిపి దాదాపు 23 లక్షల పౌండ్లు. కార్లైల్‌లోని టల్లీ హౌస్ మ్యూజియం చందాలు, గ్రాంట్లు పోగుచేసి పోటీపడినా అందుకోలేకపోయింది. పేరు చెప్పని కొనుగోలుదారు దాన్ని తీసుకున్నాడు. తర్వాత ఒకటి రెండుసార్లు ప్రదర్శనకు ఇచ్చాడు, టల్లీ హౌస్‌లోనే అది కొన్నాళ్లు కొలువుదీరింది. 2023లో బ్రిటన్ నిధుల చట్టం పరిధిని పెంచి, 200 ఏళ్లు దాటిన విశిష్ట లోహ వస్తువులను కూడా అందులో చేర్చడానికి ఈ హెల్మెట్ మీద రేగిన ఆవేదనే పెద్ద కారణం.

దీని పక్కన హాలటన్ హెల్మెట్ కథ పెట్టి చూడాలి. 2000లో లెస్టర్‌షైర్‌లో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి నాణేలు దొరికాయి. ఆయన వెంటనే అధికారులకు చెప్పాడు. విశ్వవిద్యాలయ పురావస్తు బృందం వచ్చి తవ్వింది. 5,000కు పైగా నాణేలతో పాటు తుప్పు పట్టిన ఇనుప ముద్ద ఒకటి బయటపడింది. దాన్ని అక్కడ విప్పలేదు. చుట్టూ మట్టితో సహా గడ్డగా కోసి బ్రిటిష్ మ్యూజియానికి పంపారు. నిపుణులు సూక్ష్మదర్శిని కింద ఏళ్ల తరబడి రేణువు రేణువుగా మట్టి తీశారు. 2012 జనవరిలో వెండి తాపడం చేసిన హెల్మెట్ ప్రజల ముందుకు వచ్చింది. బ్రిటన్‌ను రోమ్ జయించిన కాలంలోనే, స్థానికుల పూజాస్థలంలో అది పాతిపెట్టి ఉంది. రోమన్ సేనలో పనిచేసి వచ్చిన స్థానికుడు మొక్కు చెల్లించాడా, దోచి తెచ్చి దేవుడికిచ్చారా అని ఇప్పటికీ వాదించుకోగలుగుతున్నామంటే, దొరికిన చోటు పదిలంగా నమోదైంది కాబట్టే. క్రాస్బీ గారెట్ ముఖం హాలటన్ కన్నా ఎన్నో రెట్లు అందమైనది. చరిత్ర చెప్పడంలో మాత్రం హాలటన్ ముందు అది మూగది.

అతికించడమే తప్పని దీని అర్థం కాదు. 1939లో సట్టన్ హూలో దొరికిన ఆంగ్లో-శాక్సన్ హెల్మెట్ వందల ముక్కలైపోయి ఉంది. యుద్ధం ముగిసిన రోజుల్లో ఒకసారి అతికారు. ఆకారం సరికాదని తేలి 1968లో విప్పేసి, 1970–71లో మళ్లీ కొత్తగా కూర్చారు. విప్పే వీలుంచి, ముక్క పారేయకుండా చేశారు కాబట్టే రెండో కూర్పు సాధ్యమైంది.

వెల ఎక్కడి నుంచి వస్తుంది

అరుదుదనం, పరిస్థితి, పెట్టుకున్నవారి పేరు: ఈ మూడే వెలకు మూలం. పేరు బలం చూడాలంటే నెపోలియన్ టోపీలు చాలు. ఆయన జీవితకాలంలో వాడిన బీవర్ బొచ్చు టోపీలు సుమారు 120. 2014లో ఒకటి, 2023లో ఇంకొకటి ఫ్రాన్స్‌లో ఫాంటెన్‌బ్లో వేలంలో చెరో 19 లక్షల యూరోల దరిదాపు పలికాయి. అధికారులు తమ టోపీలను సొంత డబ్బుతో కుట్టించుకుని ఇంటికి తీసుకెళ్లేవారు. మామూలు సిపాయి టోపీ సర్కారుది, అరిగేదాకా వాడి తిరిగి ఇచ్చేయాల్సిందే. అందుకే ఏ దేశంలో చూసినా అధికారుల టోపీలు మిగిలినన్ని సిపాయిల టోపీలు మిగల్లేదు. సేకరణలన్నీ కలిపి చూసినా సైన్యం అసలు రూపం మనకు వంకరగానే కనిపిస్తుంది.

పరిస్థితి మీద వెల ఆధారపడటం వల్ల వచ్చే కీడు తుడవడం, తోమడం, రంగు వేయడం. నకిలీలకు మూలం అరుదుదనం. నాజీ ఎస్ఎస్ దళపు బొమ్మ అంటించి ఉంటే మామూలు డిప్ప వెల ఎన్నో రెట్లవుతుంది. అంటే వెల అంతా వెంట్రుక మందం పొర మీద నిలబడి ఉందన్నమాట. నకిలీ చేసేవాళ్లు పని చేసేది సరిగ్గా ఆ పొర మీదే. డిప్ప అసలుదే, ముద్రలు అసలువే, బొమ్మ ఒక్కటే నిన్నటిది. టీ డికాషన్‌తో, ఉప్పు నీళ్లతో పాతదనం తెప్పిస్తారు. ఈ పని కొత్తదేం కాదు. 1840ల లండన్‌లోనే శామ్యూల్ ప్రాట్ అనే వర్తకుడి దుకాణం నుంచి మధ్యయుగపు నకిలీ హెల్మెట్లు పెద్ద పెద్ద సేకరణల్లోకి చేరాయి. గుర్తుపట్టడానికి సేకర్తలు వాడే చిట్కాల్లో అతినీలలోహిత దీపం ఒకటి. యుద్ధం తర్వాతి కాలపు కృత్రిమ దారాలు దాని కింద నీలంగా మెరుస్తాయి. బొమ్మ గీత రంగు కిందికి పోతోందా పైనుంచి పోతోందా అని భూతద్దంతో చూడటం ఇంకోటి. వీటన్నిటికన్నా నమ్మదగిన ఆధారం మాత్రం కాగితం. ఎవరి దగ్గర నుంచి, ఏ ఊళ్లో, ఏ ఏడు వచ్చిందో రాసిన ఒక్క ముక్క.

యుద్ధభూముల్లో తవ్వి తెచ్చి అమ్మేవాళ్లున్నారు. పేలని గుండ్ల ప్రమాదం సరే, తుప్పు హెల్మెట్ పక్కనే తరచు ఒక మనిషి అస్థికలుంటాయి, గుర్తింపు బిళ్ల ఉంటుంది. హెల్మెట్ ఒకచోటికి, బిళ్ల మరోచోటికి అమ్ముడైతే ఆ మనిషి శాశ్వతంగా అనామకుడైపోతాడు. ఎంత పెద్ద చదువు పేరు చెప్పినా ఇది సమర్థించలేని పని.

విప్పితే గుడ్డ

భారతీయ సైనికుల విషయానికి వస్తే లోహం కన్నా గుడ్డ ముఖ్యం. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ సిక్కు సిపాయిలు ఉక్కు హెల్మెట్ బదులు తలపాగానే ఉంచుకున్నారు. పంజాబీ ముస్లిం సిపాయిలు కుల్లా అనే కోసు టోపీ చుట్టూ పగిడీ చుట్టేవారు. ఆ కుల్లా మనకు పరాయి మాట కాదు. పారశీక 'కులాహ్' నుంచే మన 'కుళ్లాయి' వచ్చింది, విజయనగర కాలపు కొలువు వేషంలో భాగమైంది, లేపాక్షి చిత్రాల్లో పొడుగ్గా కనిపిస్తుంది. ఢిల్లీలో 1924 నాటి తీన్ మూర్తి స్మారకం మీది ముగ్గురు సైనికులు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల లాన్సర్లకు ప్రతినిధులు. ముగ్గురి తలపాగాలూ కంచులో నిలిచాయి, గుడ్డవి ఎన్ని మిగిలాయి?

పాగాతో ఉన్న కష్టం ఇది. విప్పితే కొన్ని గజాల గుడ్డ. దాని గుర్తింపంతా చుట్టిన తీరులో, అంచు ఎటు దింపారో, కుచ్చు ఎటు నిలిపారో అందులో ఉంది. వేలం జాబితాలో దానికి వెల దాదాపు లేదు. కాబట్టి పాగాను సేకరించడమంటే ఫొటోలు, రెజిమెంటు ఆదేశాలు, చుట్టడం తెలిసిన ముసలివాళ్ల చేతి కదలికలు నమోదు చేసుకోవడం కూడా. వాళ్లున్నప్పుడే చేయాల్సిన పని ఇది.

బ్రిటిష్ వారి సోలా టోపీ కూడా అలాంటిదే. అది మన పెళ్లిళ్ల బాసికాలు చేసే జీలుగు బెండుతోనే చేసింది. పురుగులకు, తేమకు అది ఇట్టే లొంగిపోతుంది. కోస్తా ఊళ్లలో అటక మీద పెట్టిన బెండు టోపీ, ఉన్ని టోపీ, తోలు అస్తరు మూడూ వానాకాలానికి బూజు పడతాయి. గాలాడే చోట, ఎండ తగలకుండా, లోపల ఆసిడ్ లేని కాగితం ఉండచుట్టి పెట్టడం మేలు. తోలుకు నూనె పట్టించడం పాత అలవాటు. ఇప్పటి సంరక్షకులు దాన్ని వద్దంటున్నారు, నూనె కొన్నేళ్లకు జిగటై దుమ్మును పట్టుకుంటుంది. ఉక్కు మీది రంగును ఇంటి పాలిష్‌తో అసలు ముట్టుకోకూడదు.

చట్టం, చుక్కల అక్షరాలు

మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువు పురావస్తువే. ప్రైవేటు వ్యక్తులు దాన్ని విదేశాలకు పంపడం నిషిద్ధం, అమ్మకం వ్యాపారానికి లైసెన్సు కావాలి. భూమిలో దాగి దొరికినదాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. 1972 చట్టం మాటల్లో చూస్తే 1916 నాటి హెల్మెట్ నూరేళ్ల గీత దాటేసింది. తాతల పెట్టెలో అలాంటిది దొరికినవారు అమ్మే ముందు ఈ సంగతి కనుక్కోవాలి. తోమే ముందు ఫొటో తీయాలి.

ఇది కొత్త జాగ్రత్తేమీ కాదు. 17వ శతాబ్దం చివర మొఘల్ సేన ఇప్పటి కర్నూలు జిల్లాలోని ఆదోని కోటను తీసుకున్నప్పుడు, ఔరంగజేబు కొలువులోని బికనీరు మహారాజు అనూప్ సింగ్ అక్కడి ఆయుధాలు, కవచాలను రాజస్థాన్‌కు తరలించాడు. బికనీరు ఆయుధశాలలో ఎవరో గుమస్తా వాటిలో అనేకం మీద ఉలి మొనతో చుక్కలు పొడిచి, దేవనాగరిలో ఆదోని అనీ ఏడాదీ రాయించాడు. తర్వాతి శతాబ్దాల్లో ఆ వస్తువులు చేతులు మారి దేశవిదేశాల మ్యూజియంలకు చేరాయి. దక్కన్ కవచకారుల పనిని ఉత్తరాది పని నుంచి విడదీసి చెప్పాలనుకునే పరిశోధకులు ఇప్పటికీ ముందు వెతికేది ఆ చుక్కలనే.